మందుకొమ్ము, రంజకపు బుడ్డి, తోస్దాను: ఆయుధ చరిత్రలో చిన్న వస్తువులు

తుపాకి పేలడానికి తుపాకి ఒక్కటే చాలదు. పద్దెనిమిదవ శతాబ్దపు సిపాయి నడుము చుట్టూ, భుజం మీద ఎన్ని వస్తువులు వేలాడేవో లెక్కిస్తే ఈ సంగతి తేటపడుతుంది. ముతక మందు నింపిన కొమ్ము ఒకటి, మెత్తని మందు నింపిన చిన్న బుడ్డి ఒకటి, సీసపు గుండ్ల సంచి, మందు కొలిచే గొట్టం, గుడ్డ పీలికలు, చెవిరంధ్రాన్ని శుభ్రపరచే సూది, వెలిగే వత్తి లేక చెకుముకి రాళ్ళు, కొవ్వు ఉంచుకొనే చిన్న డబ్బా, కూరే కడ్డీ. వీటిలో ఏ ఒక్కటి లోపించినా చేతిలోని తుపాకి దుడ్డుకర్రతో సమానమే. అయినా యుద్ధ చరిత్రలు వ్రాసిన వారు తుపాకిని, ఖడ్గాన్ని, ఫిరంగిని వర్ణించినంతగా ఈ తోడు సామగ్రిని వర్ణించలేదు. వస్తు ప్రదర్శనశాలల్లోనూ వీటికి దక్కేది అద్దాల బీరువాలో క్రింది అరే.

వీటి ప్రాముఖ్యం తెలియాలంటే ఆనాటి తుపాకి పనిచేసే తీరు కొంత తెలియాలి. మందును, గుండును గొట్టం ముందు నోటి నుండి పోసి కడ్డీతో దట్టించేవారు. గొట్టం వెనుక భాగాన పక్కగా సన్నని రంధ్రం ఉండేది. దానినే తెలుగువారు తుపాకి చెవి అన్నారు. ఆ చెవి వద్ద చిన్న గిన్నె, ఆ గిన్నెలో చిటికెడు మెత్తని మందు. దీనికే రంజకమని పేరు. రంజకానికి నిప్పు తగిలితే ఆ జ్వాల చెవి గుండా లోనికి పోయి అసలు మందును అంటించేది. నిప్పు పెట్టే విధానాన్ని బట్టి తుపాకులు రెండు తెగలు: నిదానంగా రాజుకొనే జామగి వత్తితో పేలేవి, చెకుముకి రాయి ఉక్కును కొట్టగా రాలే రవ్వతో పేలేవి. ముతక మందు, మెత్తని మందు వేరువేరు కనుక పాత్రలూ రెండు కావలసి వచ్చాయి. పెద్దది మందుకొమ్ము, చిన్నది రంజకపు బుడ్డి. కొంతకాలానికి మందును, గుండును కలిపి కాగితంలో చుట్టిన తూటాలు వాడుకలోనికి వచ్చాక వాటిని ఉంచుకొనే పెట్టె అవసరమైనది. హిందుస్తానీలో దానిని తోస్దాన్ అన్నారు.

ఇక్కడ భాష చెప్పే చరిత్ర ఒకటి ఉన్నది. తెలుగులో ‘తుపాకి’ అనే మాటకు మూలం తురుష్క భాషలోని ‘తుఫెక్’. పారసీకంలోని ‘తుఫంగ్’ దీనికి సోదర పదం. ఫిరంగికి వాడే ‘తోపు’ కూడా ఆ భాషదే. ఇస్తాంబూలులోని ప్రసిద్ధ రాజప్రాసాదం తోప్‌కాపి పేరుకు అర్థం ఫిరంగి ద్వారమని. హైదరాబాదులో నిజాం కాలపు ఫిరంగుల కర్మాగారాన్ని ప్రజలు ‘తోప్ కా సాంచా’ అన్నారు. ‘ఫిరంగి’ మాత్రం ఐరోపావారిని తూర్పు దేశాలవారు పిలిచిన పేరు. వారు తెచ్చిన ఆయుధానికే ఆ పేరు స్థిరపడింది. మందుగుండు ఈ నేలకు ఏయే దారుల్లో వచ్చినదో తెలుపడానికి ఈ నాలుగు మాటలు చాలు. వస్తువు వచ్చినప్పుడు దాని పేరును కూడా వెంట తెచ్చుకొన్నది.

ఆ దారిలో వచ్చినవారు కేవలం వర్తకులు కారు. ఆటోమను సామ్రాజ్యం నుండి వచ్చిన ఆయుధ నిపుణులను ఇక్కడ ‘రూమీ’ అని పిలిచేవారు. తూర్పు రోమక సామ్రాజ్యపు భూములు వారి ఏలుబడిలో ఉండుటచే ఆ పేరు వచ్చినది. 1526 పానిపట్టు యుద్ధంలో బాబరు పక్షాన ఫిరంగులు నడిపిన ఇద్దరు ప్రముఖులలో ముస్తఫా రూమీ ఒకడు. నేడు బీజాపూరు కోటపై ఉన్న మాలిక్-ఇ-మైదాన్ అనే మహా ఫిరంగిని 1549లో అహమ్మదునగరులో పోతపోసినవాడు మహమ్మద్ రూమీ. 1565లో విజయనగర భాగ్యాన్ని మార్చివేసిన తళ్ళికోట యుద్ధంలో అహమ్మదునగరు ఫిరంగి దళానికి నాయకుడు చలబీ రూమీఖాన్. ఫిరంగులలో రాగి నాణేల సంచులు దట్టించి సమీపం నుండి పేల్చారని ఫెరిష్తా వ్రాసినాడు. తెలుగు, కన్నడ ప్రజల ఉమ్మడి చరిత్రను మలుపు తిప్పిన ఆ రోజున ‘రూమీ’ల విద్య ఎంత పని చేసినదో చెప్పనవసరం లేదు.

బెంగళూరు విషయానికి వస్తే, 1537లో కెంపేగౌడ కట్టించిన మట్టి కోటను 1761 నుండి హైదరలీ రాతి కోటగా మార్చినాడు. అతని కుమారుడు టిప్పు సుల్తాను కాలానికి ఆ కోట సైనిక స్థావరం మాత్రమే కాక కర్మాగారం కూడా. 1791 మార్చి 7న కారన్‌వాలీసు సైన్యం పేటను ఆక్రమించి, అదే నెల 21వ తేదీ రాత్రి కోటలో ప్రవేశించినది. కిల్లాదారు బహదూర్‌ఖాన్ ఆ పోరులో నేలకొరిగినాడు. లోనికి వచ్చిన ఆంగ్ల అధికారులు ఫిరంగుల పోతశాలను, గొట్టాలు తొలిచే యంత్రాన్ని చూచి ఆశ్చర్యపడినట్లు ఆ కాలపు వ్రాతల వల్ల తెలుస్తున్నది. కోటలో నేడు మిగిలినది ఢిల్లీ దర్వాజా, దానిని ఆనుకొన్న కొద్ది గోడ మాత్రమే. మందుగుండు దాచిన రెండు కట్టడాలు మాత్రం కృష్ణరాజేంద్ర మార్కెట్టు పరిసరాల్లో ఒకటి, వైద్య కళాశాల ప్రాంగణంలో ఒకటి ఇంకా నిలిచి ఉన్నాయి. ప్రతిదినం వేలాదిమంది వాటి పక్క నుండి నడిచిపోతారు. అవి ఏమిటని అడిగేవారు కొద్దిమందే.

ఇంత సామగ్రి తయారు కావడానికి వెనుక ఎన్నో కులవృత్తుల శ్రమ ఉన్నది. చవిటి నేలల నుండి సురేకారం తీసిన ఉప్పరులు, బొగ్గు కాల్చినవారు, తోలుపని చేసినవారు, ఇత్తడి పోతపోసిన కంచరులు, దంతం చెక్కినవారు. తుపాకి గొట్టానికి మేలైన ఉక్కు కావాలి. మైసూరు సీమలోను, తెలంగాణంలో నిజామాబాదు జిల్లా కోన సముద్రంలోను మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పారసీక దేశం వరకు ఎగుమతి అయ్యేది. పాశ్చాత్యులు దానిని ‘వూట్జ్’ అన్నారు. అది ‘ఉక్కు’ అనే మన మాటకే వికృత రూపమని పండితులు చెబుతారు. పేరున్న తుపాకిపై పనివాని పేరు చెక్కి ఉండవచ్చునుగాని, మందుకొమ్ము చేసినవాని పేరు దాదాపుగా ఎక్కడా దొరకదు. ఆ పనివారిని గుర్తించడానికి మిగిలిన ఆధారం వారి చేతిపని ఒక్కటే.

టిప్పు సుల్తాను తన తండ్రికంటె మరొక అడుగు ముందుకు వేసి తురుష్క సామ్రాజ్యంతో నేరుగా సంబంధం పెట్టుకోదలచినాడు. 1786లో గులాం అలీఖాన్ నాయకత్వాన ఒక రాయబార బృందం ఓడలెక్కి బస్రా మీదుగా బయలుదేరి 1787లో కాన్‌స్టాంటినోపిల్ చేరినది. రాజకీయ గుర్తింపు, సైనిక సహాయం కోరడంతో పాటు తుపాకులు, గడియారాలు, గాజు, పింగాణీ చేసే నిపుణులను తీసుకొనిరావాలని కూడా ఆ బృందానికి ఆజ్ఞ. సుల్తాను మొదటి అబ్దుల్ హమీదు ఆదరించినాడే తప్ప ఆశించిన సహాయం అందలేదు. వ్యాధుల వల్ల బృందంలో అనేకులు మరణించారు. ఈ యాత్రా వృత్తాంతాన్ని ఖ్వాజా అబ్దుల్ ఖాదిర్ పారసీకంలో వ్రాసి ఉంచినాడు. తుపాకి చేసేవాని కోసం ఒక రాజు సముద్రాల ఆవలికి రాయబారం పంపడం ఆలోచించదగిన విషయం. ఆయుధం కొనుక్కోవడంకంటె ఆయుధం చేసే విద్యను తెచ్చుకోవడం మేలని అతడు గ్రహించినాడు.

మైసూరు ఆయుధాలను గుర్తించడం ఇతర ప్రాంతాల ఆయుధాలను గుర్తించడంకంటె కొంత సులభం. పులి చారను పోలిన ‘బబ్రీ’ గుర్తు వాటిపై తరచుగా కనిపిస్తుంది. అరబ్బీ అక్షరాలను పులి ముఖం ఆకారంలో కూర్చిన ముద్ర మరొకటి. తుపాకులపై తయారైన స్థలం పేరు, సంవత్సరం కూడా ఉంటాయి: శ్రీరంగపట్నమైతే ‘పట్టన్’, లేదా బెంగళూరు, నగర. అయితే సంవత్సరం చదవడంలో చాలామంది తడబడతారు. టిప్పు హిజ్రీ శకాన్ని విడిచి ‘మౌలూదీ’ అనే కొత్త శకాన్ని ప్రవేశపెట్టినాడు. దాని అంకెలను కుడి నుండి ఎడమకు చదవాలి. చూపుకు 5121 అని కనిపించేది నిజానికి 1215. మౌలూదీ సంవత్సరానికి 572 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఆ లెక్కన 1215 అంటే 1787-88, 1221 అంటే 1793-94. తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే అంశమొకటి ఇందులో దాగి ఉన్నది. ఈ పంచాంగం చాంద్రసౌరమానాన్ని అనుసరించినది, ప్రభవాది అరవై సంవత్సరాల చక్రానికి సమానంగా అరవై పేర్లను పెట్టుకొన్నది. ఉగాది పంచాంగం తెలిసిన ఇంటివారికి మైసూరు తుపాకిపై తేదీ అంత అపరిచితం కానక్కరలేదు.

ఇక తురుష్క, గ్రీకు వస్తువుల సంగతి. గ్రీసు దేశం 1821లో తిరుగుబాటు చేసి స్వతంత్రించే వరకు ఆటోమను ఏలుబడిలో ఉన్నది కనుక ఆ రెండు ప్రాంతాల ఆయుధ సామగ్రిని విడదీయడం నిపుణులకే కష్టం. ఒకే వెండి పనివాడు ఉదయం తురుష్క అధికారికి, సాయంత్రం కొండల్లో తిరిగే గ్రీకు వీరునికి పని చేసి పెట్టేవాడు. ఎపిరస్ ప్రాంతంలోని యన్నినా పట్టణం, దాని సమీపాన కొండల్లోని కలరిటెస్ గ్రామం వెండి పనికి ప్రసిద్ధి. అలీ పాషా యన్నినాను ఏలిన కాలంలో, అంటే 1788 నుండి 1822 వరకు, ఈ పనికి మంచి గిరాకీ. 1809లో ఆంగ్ల కవి బైరను అక్కడికి వెళ్ళి ఆ వెండి ఆయుధాల వైభవాన్ని కళ్ళారా చూచినాడు.

వారి వస్తువులలో మొదట చెప్పవలసినది పలాస్కా. ఇది నడుముకు కట్టుకొనే తూటాల పెట్టె. శరీరానికి ఒదిగేటట్లు కొంచెం వంపు తిరిగి, మూతపై ఉబ్బెత్తు పనితో ఉంటుంది. రెండవది మెదులారి. ఆ మాటలోనే ఎముకలోని మూలుగ అనే అర్థం ఉన్నది. ఆయుధాలకు పూసే కొవ్వును ఈ చిన్న డబ్బాలో ఉంచుకొనేవారు. మూడవది హర్బీ. తురుష్క పిస్తోళ్ళలో కూరే కడ్డీకి కర్రలో చోటు ఉండేది కాదు, కనుక దానిని వేరుగా త్రాటికి కట్టి నడుమున వేలాడదీసేవారు. గ్రీకు, అల్బేనియా ప్రాంతాల కొన్ని పిస్తోళ్ళకు గొట్టం క్రింద కనిపించే కడ్డీ అలంకారం మాత్రమే; లాగితే రాదు. హర్బీలు కొన్ని లోపల బోలుగా ఉండి పొగాకు చిలుముకు నిప్పుకణిక తీసే పటకారునో, సన్నని బాకునో దాచుకొనేవి. దూరంగా చూచినవారు దీనిని పూజాద్రవ్యమనో, చేతికర్ర పిడి అనో భావిస్తే వారిని తప్పు పట్టలేము.

కాకసస్ పర్వతాల ప్రజలు పొడవైన అంగీ రొమ్ముపై వరుసగా కుట్టుకొనే చిన్న గొట్టాలను ‘గజిర్’ అంటారు. ఒక్కొక్క గొట్టంలో ఒక్క దెబ్బకు సరిపడు మందు. ఆ పేరు ‘హజిర్’ అనే తురుష్క మాట నుండి, అది అరబ్బీలోని ‘హాజిర్’ నుండి వచ్చినది. సిద్ధంగా ఉన్నది అని అర్థం. పాఠశాలల్లో ప్రతి ఉదయం పిల్లల పేర్లు పిలిచే హాజరు పట్టీలోని ‘హాజరు’ కూడా ఆ మాటే. కాకసస్ యోధుని రొమ్ముపై మందు గొట్టానికి, తెలుగు బడిలో పిల్లవాని పలుకుకు ఒకే పేరు ఉండడం భాషా చరిత్రలోని ముచ్చటైన సంగతులలో ఒకటి.

ఇటువంటి వస్తువులు బెంగళూరుకు ఎలా చేరగలవు అనే ప్రశ్న సహజం. 1809లో ఇక్కడ దండు ప్రదేశం వెలసిన తరువాత దేశదేశాల యుద్ధాల్లో పాల్గొన్న అధికారులు ఇక్కడ నివసించారు. విదేశాల్లో కొన్న స్మారక వస్తువులను వెంట తెచ్చుకొనడం వారి అలవాటు. తిరిగి పోయేటప్పుడు ఇంటి సామాను వేలం వేసిపోవడం కూడా అలవాటే. బెంగళూరులో స్థావరం గల మైసూరు లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో తురుష్క సైన్యంతోనే పోరాడారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని మైసూరు, జోధ్‌పూరు అశ్వికులు ఈటెలతో దూసుకొనిపోయి పట్టుకొన్నారు. హైదరాబాదు లాన్సర్లు కూడా ఆ బ్రిగేడులోని వారే. బెంగళూరు జయచామరాజేంద్ర నగరంలో మైసూరు లాన్సర్ల స్మారకం ఉన్నది. అప్పటికి నోటి నుండి మందు పోసే తుపాకుల కాలం ముగిసినా, తురుష్క సిపాయి నడుమునకు కట్టుకొన్న తోలు తూటా సంచిని నాటికీ పలాస్కా అనే పిలిచేవారు. వెండి పెట్టె పోయినా పేరు నిలిచినది.

అయితే బెంగళూరు గుజిరీ దుకాణాల్లో, ఆదివారపు సంతలో ‘టిప్పు కాలపు మందు బుడ్డి’ అని చూపించే వస్తువుల్లో చాలా భాగం మైసూరువీ కావు, తురుష్కులవీ కావు. రాగితోనో ఇత్తడితోనో చేసి, రెండు వైపులా వేటకుక్కలు, పక్షులు ఉబ్బెత్తుగా అచ్చుగుద్దిన బుడ్డి కనిపిస్తే అది బహుశా ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో 19వ శతాబ్దంలో చేసినది. జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, హాక్స్‌లే వంటి కంపెనీల పేర్లు మూతి దగ్గర చిన్న అక్షరాలతో ఉంటాయి. మూతి గొట్టంపై అంకెలు ఉంటాయి. ఎంత మందు పోయాలో డ్రాముల్లో సూచించే అంకెలవి. ఒక డ్రాము సుమారు 1.77 గ్రాములు. టిప్పు సుల్తాను 1799 మే 4న మరణించినాడు; డిక్సన్ కంపెనీ పుట్టినది 1806లో. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే వాదం ముగుస్తుంది.

మరొక పొరపాటు తెలుగు ఇళ్ళలోనే ఎక్కువ. తాంబూలపు సరంజామాలోని సున్నపుకాయ, కాటుక భరిణె, అత్తరు బుడ్డి, ఇవన్నీ చూపుకు రంజకపు బుడ్డిని పోలి ఉంటాయి. మామిడిపిందె ఆకారపు సున్నపుకాయను మందుబుడ్డి అనుకొని గొప్పలు చెప్పుకొన్నవారు ఉన్నారు, నిజమైన రంజకపు బుడ్డిని సున్నపుకాయ అనుకొని తమలపాకుల పెట్టెలో పడవేసినవారూ ఉన్నారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. సున్నపుకాయకు వేలో పుల్లో దూరేంత వెడల్పు నోరు ఉంటుంది. లోపల తెల్లని పొర గట్టిపడి ఉంటుంది. రంజకపు బుడ్డి నోరు సన్నగా, మందు చిటికెడే రాలేటట్లు ఉంటుంది. మూత తనంతట తాను మూసుకొనేందుకు స్ప్రింగు ఉంటుంది, ఒంటి చేతితో నొక్కి తెరిచే మీట ఉంటుంది. తుపాకి రెండవ చేతిలో ఉన్నవానికి ఒంటి చేతితో తెరవగల మూత అత్యవసరం. వస్తువు వాడినవాని చేతులు ఏ పనిలో ఉండేవో ఊహించుకొంటే సగం గుర్తింపు పూర్తయినట్లే.

మొగలు కాలపు రంజకపు బుడ్లు దంతంతో జింక తల, ఇతర జంతువుల ఆకారాలు కలగలిపి చెక్కినవి ఉన్నాయి. గుజరాతులో ముత్యపు చిప్ప పలకలు అతికిన కొమ్ములు చేసేవారు. ఉత్తరాదిన శంఖపు ఆకారంలో, తోలుతో కూడా చేసినవి ఉన్నాయి. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియం 1951లో ప్రారంభమైనది; దాని ఆయుధ విభాగాన్ని తీరికగా చూచినవారికి ఈ వైవిధ్యం అర్థమవుతుంది. బెంగళూరులోని మద్రాసు ఇంజనీరు దళం వారి ప్రదర్శనశాల కూడా సైనిక సామగ్రికి చెప్పుకోదగినదే. 1912లో ఆ దళానికి చెందిన కెప్టెన్ మెక్‌క్లింటాక్ రూపొందించిన పేలుడు గొట్టం ‘బెంగళూరు టార్పెడో’ పేరుతో నేటికీ ప్రపంచ సైన్యాల్లో పిలువబడుతున్నది. ఈ దళంలో తెలుగు సిపాయిలు తరతరాలుగా పనిచేశారు.

కొత్తగా చేసి పాతదిగా అమ్మేవి మరొక తరగతి. పోత అతుకు గీత చెరిపివేయక కనిపించడం, మరల పళ్ళు యంత్రంతో కోసినంత సమానంగా ఉండడం, చేతి రాపిడి తగలని మూలల్లో కూడా అరుగుదల కనిపించడం వీటి లక్షణాలు. నిజంగా వాడిన బుడ్డి బొటనవేలు పడే చోట అరుగుతుంది, నడుముకు రాసుకొనే వైపు నున్నబడుతుంది. నల్లమందు తేమను పీల్చే గుణం కలది కనుక లోపలి ఇనుప స్ప్రింగు తుప్పు పట్టకుండా ఉండదు. గ్రీకు వస్తువుల్లో అలంకారం కోసమే చేసినవి, అనగా స్వాతంత్ర్యం తరువాత జాతీయ వేషంలో భాగంగా ధరించినవి చాలా ఉన్నాయి. వాటి మూతలు బిగువుగా పట్టవు, లోపల మందు మరక ఉండదు. అవి నకిలీలు కావు. కొడగు ప్రజలు పెళ్ళినాడు నడుమున ధరించే వెండి తొడుగు పీచెకత్తివలె అవి గౌరవ చిహ్నాలు. ఆ రెండింటికీ తేడా చూడకపోవడం సేకరణకర్తల దోషాల్లో ముఖ్యమైనది.

గుర్తింపులో పొరపాటు జరిగితే ఏమి నష్టమని అనిపించవచ్చు. మొదటి నష్టం ధనానికి. 2015 ఏప్రిల్‌లో లండనులో టిప్పు సుల్తానుకు సంబంధించిన 30 వస్తువులు వేలంలో 60 లక్షల పౌండ్లకు పైగా పలికాయి. వాటిలో అనేకం రాబిన్ విగింగ్టన్ సేకరించినవి. టిప్పు తుపాకులపై 1992లో వచ్చిన అతని గ్రంథం గుర్తింపునకు ఇప్పటికీ ముఖ్య ఆధారం. 2019 మార్చిలో మరొక వేలంలో, శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్న మేజర్ థామస్ హార్ట్ తీసుకొనిపోయిన ఒక తుపాకి 60,000 పౌండ్లకు అమ్ముడుపోయినది. అందులోనే ఒక తాంబూలపు పెట్టె కూడా ఉన్నది. 220 సంవత్సరాల తరువాత కూడా దానిలో వక్కలు మిగిలి ఉన్నాయట. ఇంతటి ధర పలుకుతుందన్న వార్త వచ్చిన మరునాటి నుండి సంతలోని ప్రతి ఇత్తడి బుడ్డికీ టిప్పు పేరు తగిలించబడుతున్నది.

రెండవ నష్టం అంతకంటె పెద్దది. 1799లో శ్రీరంగపట్నంలో 929 ఫిరంగులు, 99,000 తుపాకులు విజేతల వశమైనట్లు లెక్కలు చెబుతున్నాయి. అన్ని తుపాకులకు తగిన తోస్దాన్లు, కొమ్ములు, సూదులు ఎన్ని ఉండి ఉండాలి! మేలైన తుపాకులు సముద్రం దాటాయి. మిగిలిన చిన్న సామగ్రిలో ఎక్కువ భాగం ఇక్కడే కరిగిపోయినది, అక్షరాలా కరిగిపోయినది. పాత ఇత్తడి తూకానికి పోయి చెంబులై, గంటలై వచ్చినది. పేరు తెలియని పాత వస్తువుకు ఈ దేశంలో మొదట పట్టే గతి అదే.

పేరు తెలియకపోతే కళ్ళ ముందున్నదీ కనిపించదు అనడానికి శివమొగ్గ జిల్లా నగర గ్రామం నిదర్శనం. అక్కడ 2002లో ఒక బావి నుండి తీసిన ఇనుప గొట్టాలు మైసూరు రాకెట్లని తేలడానికి కొన్ని సంవత్సరాలు పట్టినది. 2018 జులైలో అదే గ్రామంలో ఎండిన బావిలో వెయ్యికి పైగా రాకెట్లు దొరికినప్పుడు వాటిని వెంటనే గుర్తించగలిగారంటే మొదటి గొట్టాలపై జరిగిన పరిశీలనయే కారణం. అవి 23 నుండి 26 సెంటీమీటర్ల పొడవున్న గొట్టాలు. శివమొగ్గలోని శివప్ప నాయక వస్తు ప్రదర్శనశాలకు చేరాయి. 2012లో బెంగళూరులో మెట్రో రైలు కోసం మార్కెట్టు వద్ద త్రవ్వుతుండగా ఫిరంగులు బయటపడ్డాయి. 2017లో శ్రీరంగపట్నంలో రైలు మార్గానికి అడ్డు వచ్చిన టిప్పు కాలపు మందుగుండు కొట్టును, సుమారు 1,000 టన్నుల కట్టడాన్ని, చెక్కుచెదరకుండా ఎత్తి నూరు మీటర్లకు పైగా జరిపారు. అంత పెద్ద కట్టడాన్ని కాపాడిన శ్రద్ధ అరచేతిలో ఇమిడే బుడ్డికి కూడా దక్కితే బాగుండును.

ఇంట్లో ఇటువంటి వస్తువు ఉన్నవారు తెలుసుకోవలసినవి కొన్ని. నూరు సంవత్సరాలు దాటిన కళాఖండాలు, పురావస్తువులు 1972 చట్టం ప్రకారం వ్యక్తులు విదేశాలకు పంపరాదు. దంతపు వస్తువుల క్రయవిక్రయాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించినది. కృష్ణజింక కొమ్ముకూ ఆ చట్టం వర్తిస్తుంది. బాగుచేసినా పేలని స్థితిలోని పురాతన ఆయుధాలకు 1959 ఆయుధ చట్టంలో మినహాయింపు ఉన్నది. అయితే పేలుతుందో లేదో నిర్ణయించవలసినది ఇంటివారు కారు, అధికారులు. కొడవలకు ఆయుధాలు ఉంచుకొనే మినహాయింపు 1861 నుండి ఉన్నది. 2021లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానం కూడా దానిని సమర్థించినది. అన్నింటికంటె ముఖ్యం, కొమ్ములో పాత మందు గట్టిపడి ఉంటే దానిని నిప్పుతో పరీక్షించరాదు, సూదితో పొడవరాదు. నల్లమందు పొడిగా ఉన్నంతకాలం వందేళ్ళ తరువాత కూడా అంటుకొంటుంది. పిల్లలున్న ఇంట్లో ఈ మాట మరీ జ్ఞాపకం ఉంచుకోవాలి. నిమ్మకాయతో, చింతపండుతో తోమి మెరిపించడం కూడా తగదు. చెక్కిన గీతలు, చిన్న ముద్రలు ఆ తోముడులోనే పోతాయి. ఎవరి నుండి, ఏ ఊరి నుండి వచ్చినదో ఒక కాగితంపై వ్రాసి వస్తువుతో పాటు ఉంచితే అదే దానికి జన్మపత్రిక.

సిపాయిలు వీటిని ఎలా ధరించేవారో చూడగోరేవారికి శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ బాగు గోడలపై చిత్రాలు మంచి ఆధారం. 1784లో కట్టిన ఆ భవనపు పడమటి గోడపై 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరులో కర్నల్ బెయిలీపై హైదరలీ, టిప్పు సాధించిన విజయం చిత్రింపబడి ఉన్నది. ఆంగ్లేయుల మందుగుండు బండి పేలిన దృశ్యం, బారులు తీరిన సిపాయిల భుజపట్టీలు, నడుము పెట్టెలు అందులో చూడవచ్చు. అయితే ఆ చిత్రాలను ఆర్థర్ వెల్లెస్లీ ఒకమారు బాగుచేయించినాడు. కాలక్రమాన చెరిగిపోగా డల్హౌసీ ఆజ్ఞపై 1855 ప్రాంతంలో మరల వేయించారు. కనుక ఒక తోస్దాను ఆకారాన్ని ఆ గోడపై చూచినప్పుడు అది 1780 నాటి సిపాయిదా, లేక 1855లో కుంచె పట్టిన చిత్రకారుడు తన కళ్ళ ముందు చూచిన సిపాయిదా అన్నది, నిజంగా ఆ కాలానిదని తేలిన వస్తువు ఒకదానిని పక్కన పెట్టి పోల్చి చూచిన తరువాతనే నిర్ణయించాలి.